తాల్ అనాలా, టాల్ అనాలా? చెస్ ఆటగాళ్ల పేర్ల గొడవ

మైలాపూర్ బంటు:
చెన్నైలో ఉన్న తెలుగు చెస్ పిచ్చోళ్లందరికీ ఒక ప్రశ్న. మొన్న పిల్లల టోర్నమెంట్ దగ్గర, లోపల ఆటలు జరుగుతుంటే మేం పేరెంట్స్ అంతా బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఫోన్‌లో గుకేశ్ పాత గేమ్ ఒకటి చూస్తున్నాం. కామెంటరీ చెప్పే తెల్లాయన "డొమ్మరాజు" అన్నాడు, డ నొక్కి మరీ. పోనీలే, ఆయనకి తెలీదు. కానీ నా పక్కనున్నాయన, ఇంట్లో తెలుగే మాట్లాడే మనిషి, "ఈ డొమ్మరాజు రూక్ ఇచ్చేశాడేంటండీ" అన్నాడు చూడండి, అక్కడ కాలింది నాకు. దొమ్మరాజు, అయ్యా! 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన మన గుకేశ్ ఇంటిపేరు కూడా మనం ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసే చదువుకోవాలా?

బయటివాళ్ల పేర్లకీ ఇదే గతి. పాతకాలం సోవియట్ ఛాంపియన్ మిఖాయిల్ తాల్‌ని అందరం టాల్ అంటాం. రష్యన్ త మన త లాంటిదే, నాలుక పళ్లకి తగులుతుంది. ఇంగ్లీషులో టి అని రాశారు కాబట్టి మనం ట చేశాం. ఇంకో సోవియట్ ఛాంపియన్ పెత్రోస్యాన్ కూడా అంతే, పెట్రోసియన్ అయిపోయాడు. ఎవరి పేరు వాళ్ల భాషలో ఎలా ఉంటే అలా, మన నోటికి వచ్చినంత దగ్గరగా పలకాలని నా వాదన. ఏమంటారు?

నల్లగుర్రం:
బ్రో, ఇది మరీ చాదస్తం. నలభై ఏళ్లుగా తెలుగు పేపర్లలో కాస్పరోవ్ అనే రాస్తున్నారు. రష్యన్ లెక్క ప్రకారం ఆ ఛాంపియన్ పేరు కస్పారఫ్, ఆయనకి ముందు ఛాంపియన్ కార్పోవ్ ఏమో కార్పఫ్. ఇప్పుడు నేను వెళ్లి మా నాన్నతో "కస్పారఫ్ గేమ్ చూద్దాం" అంటే, ఎవర్రా ఆ కొత్త కుర్రాడు అంటాడు. ఇంకో సంగతి, రష్యన్‌లో హ లేదు. మన గ్రాండ్‌మాస్టర్లు ఉన్నారుగా, హంపిని వాళ్లు ఖాంపి అంటారు, హరికృష్ణ ఖరిక్రిష్ణ అవుతాడు. మనవాళ్లెవరైనా కోప్పడ్డారా? వాళ్ల నోరు వాళ్లది, మన నోరు మనది.

మైలాపూర్ బంటు:
నువ్వు నాకే పాయింట్ ఇచ్చావు తమ్ముడూ. వాళ్లకి హ లేదు కాబట్టి ఖ అన్నారు, తప్పేముంది. మనకి త లేదా? ద లేదా? మన దగ్గర లేని శబ్దాన్ని మార్చుకోవడం వేరు, ఉన్నదాన్ని పక్కన పెట్టి ఇంగ్లీషువాడి ట తెచ్చుకోవడం వేరు.

పోలండ్ ఆటగాడు దూదాని తీసుకో. 2021లో సోచిలో వరల్డ్ కప్ గెలిచాడు, సెమీఫైనల్లో కార్ల్‌సన్‌ని కొట్టి మరీ. ఆయన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే కళ్లు తిరుగుతాయి, కే తర్వాత ఆర్, జెడ్, వై, ఎస్, జెడ్ వరసగా నిలబడి ఉంటాయి. మనవాళ్లు దాన్ని క్రిజిస్టాఫ్ అని కష్టపడి, ఆఖరికి జాన్ డూడా అని సరిపెట్టుకుంటారు. పోలిష్‌లో ఆ ఆర్, జెడ్ కలిస్తే, ముందు క ఉన్నప్పుడు, ష లాంటి శబ్దం. అంటే మన క్ష! యాన్ క్షిష్తోఫ్ దూదా. లక్ష్మి అనగలిగే నోటికి ఇదొక కష్టమా?

మాగ్నస్ కార్ల్‌సన్ సంగతీ అంతే. నార్వేవాళ్లు ఆ గ్న ని ముక్కుతో పలుకుతారు, మఙ్నుస్ అన్నట్టు. ఒకటో తరగతి తర్వాత మనం ముట్టుకోని ఙ పనికొచ్చే చోటు అదొక్కటే అనుకుంటా. (ఇది మాత్రం నేనూ పాటించను, నిజం చెప్పాలంటే. 2013లో ఆనంద్‌తో మ్యాచ్‌కి ఇదే ఊరొచ్చినప్పటి నుంచీ నాకు ఆయన మాగ్నసే.)

టోర్నీ అమ్మ:
మీరిద్దరూ అక్షరాల దగ్గరే కొట్టుకుంటున్నారు గానీ, నాకు అంతకంటే పెద్ద చిక్కు ఏది ఇంటిపేరు, ఏది సొంత పేరు అన్నది. మా అమ్మాయి ఆడటం మొదలుపెట్టాక ప్రతి టోర్నీలో ఇదే గోల. మేం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి తమిళులు నాన్న పేరులో మొదటి అక్షరం పెడతారు, ఫారంలో చివరి పేరు అని ఒక గడి ఉంటుంది. ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పెయిరింగ్ లిస్ట్‌లో మా పిల్ల ఒక రౌండ్‌లో ఇంటిపేరుతో, ఇంకో రౌండ్‌లో సొంత పేరుతో కనబడింది, బోర్డు నంబర్ వెతుక్కునేలోపు క్లాక్ నొక్కేశారు.

విశ్వనాథన్ ఆనంద్‌కి ఎన్నేళ్లు ఇదే జరిగింది! విశ్వనాథన్ వాళ్ల నాన్నగారి పేరు. విదేశీయులు దాన్ని సొంత పేరనుకుని విషీ అని ముద్దుగా పిలిచారు, అదే స్థిరపడిపోయింది. ఎంత చక్కగా పలికితే ఏం లాభం, పిలిచింది నాన్నని. డింగ్ లిరెన్‌కి దీనికి తిరగేసి జరుగుతుంది: చైనావాళ్లు మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు, డింగ్ ఇంటిపేరు. "మిస్టర్ లిరెన్" అంటే మా ఆయన్ని పట్టుకుని "మిస్టర్ సుబ్బారావు" అన్నట్టుంటుంది. హంగరీవాళ్లదీ మన పద్ధతే, వాళ్ల గ్రాండ్‌మాస్టర్ జూడిత్ పోల్గార్‌ని అక్కడ పోల్గార్ యూదిత్ అంటారు. జె ని య అనాలి, జూడిత్ కాదు.

ఇక మన చెన్నై గ్రాండ్‌మాస్టర్ ప్రజ్ఞానంద. తెలుగులో మనం ఇలా రాస్తాం, తమిళంలో ప్రక్ఞానందా అని రాస్తారు, హిందీ కామెంటరీలో ప్రగ్యానంద అంటారు. సంస్కృతంలో ఒకే అక్షరం, ఊరికో రకం. మా పిల్ల ఇంట్లో ఒకలా, స్కూల్లో ఒకలా అంటుంది. మరి బంటు గారూ, మీ రూల్ ప్రకారం ఆ అబ్బాయి తమిళుడు కాబట్టి మనం కూడా క్ఞ అనాలా?

మైలాపూర్ బంటు:
గట్టిగా అడిగారు మేడమ్. సంస్కృతం నుంచి వచ్చిన పేరుకి మన దగ్గర మన పలుకుబడి ముందునుంచీ ఉంది, దాన్ని మార్చక్కర్లేదు. నా గొడవల్లా ఇంగ్లీషు స్పెల్లింగ్ మీదే. అంటే ప్రజ్ఞానంద సరే, డొమ్మరాజు కుదరదు.

కాలీ బోర్డు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. రష్యా ఆటగాడి పేరు నెపోమ్నియాచ్చీ అని నేను ఇంతకాలం కష్టపడ్డది వృథానా?

నల్లగుర్రం:
వృథానే అన్నా. ఆ స్పెల్లింగ్ ఫ్రెంచ్ పద్ధతిది. రష్యన్‌లో చివర చ్చీ కాదు, మెత్తటి ష్షీ. నిపోమ్నిష్షీ లాంటిది, పో ని నొక్కి పలకాలి. ముందున్నది ఇయాన్ కాదు, యాన్. అందుకే అందరూ నెపో అని తప్పించుకుంటారు.

కాలీ బోర్డు:
అబ్బో, నీకు ఇంత తెలిసి చాదస్తం అని వాదిస్తున్నావా!

నల్లగుర్రం:
తెలియడం వేరు, రోజూ నోట్లో తిప్పడం వేరు. 1935లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ అల్యేఖిన్‌ని ఓడించి ఛాంపియన్ అయిన డచ్ ఆయన, మాక్స్ ఓవె. ఇంగ్లీషులో చూసి యూవీ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఓవె కూడా అసలుకి దగ్గరే గానీ అసలు కాదు, ఆ అచ్చు మనకి లేదు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, నేను కొంచెం ముందు ఆగుతున్నా, బంటు అన్న ఇంకో నాలుగడుగులు వేస్తున్నాడు.

సరే, బేరం పెట్టుకుందాం. దొమ్మరాజు విషయంలో అసలు పేచీ లేదు, అనని వాడితో నేనే గొడవ పెట్టుకుంటా. తాల్, దూదా ఒప్పుకుంటున్నా, అవి నోటికి హాయిగానే ఉన్నాయి. కస్పారఫ్ మాత్రం మా నాన్న ముందు అనను.

టోర్నీ అమ్మ:
పేర్ల వరసో? దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. వచ్చే నెల ఇంకో టోర్నీ ఉంది, ఆ చివరి పేరు గడిలో ఏం రాయాలో ఎవరైనా చెప్పండి ముందు.