ఫెయిరీ బ్యాటిల్‌కి వెనక ఒక్క గన్నేనా?

ప్రశ్న:
1940లో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ బ్యాటిల్ బాంబర్లు అంత ఎక్కువగా కూలడానికి గన్నులు చాలకపోవడమే కారణమంటారు. కుడి రెక్కలో కదలని బ్రౌనింగ్ ఒకటి, వెనక చేత్తో తిప్పే వికర్స్ కె ఒకటి, రెండూ .303 అంగుళాల మెషిన్ గన్నులే. ఇంకో రెండు బిగించడానికి ఏమిటి అడ్డం? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
ఎలాంటి విమానం కావాలో చెప్పిన ప్రభుత్వ స్పెసిఫికేషన్ పి.27/32 నాటికి ఫైటర్లు బైప్లేన్లు, అంటే రెండంతస్తుల రెక్కలవి. అప్పటి హాకర్ ఫ్యూరీ వేగం గంటకు సుమారు 330 కి.మీ. 1936 మార్చిలో మొదటిసారి ఎగిరిన బ్యాటిల్‌ది 410 పైనే. వెంటాడే ఫైటరే అందుకోలేనప్పుడు ఒక్క గన్ను చాలనుకోవడం అప్పటికి సబబే. తీరా యుద్ధం వచ్చేసరికి ఎదురుపడింది 560 దాటే జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109ఇ, అదీ రెండు 20 ఎం.ఎం. ఫిరంగులతో.

గన్ను సంగతి చూడండి. వికర్స్ కె డ్రమ్ములో వందకు కాస్త తక్కువ గుళ్లు పడతాయి. నిమిషానికి వెయ్యి చొప్పున పేలితే ఆరు సెకన్లలో ఖాళీ. ఆపైన గన్నర్ ఈదురుగాలిలో నిలబడి ఆ డ్రమ్ము ఊడదీసి కొత్తది ఎక్కించాలి, ఆ కాసేపూ వెనక కాపలా లేనట్టే. పైగా తోక కింద నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. అందుకే ఫ్రాన్స్‌లో బాంబులకు గురిచూసే బాంబ్ ఎయిమర్ పడుకునే కంతలోంచి వెనక్కి పేలే గన్ను ఒకటి అమర్చుకున్నారు.

జవాబు 2:
అడ్డం బరువేనండీ. 1,030 హార్స్‌పవర్ మెర్లిన్ ఇంజను ఒక్కటే ముగ్గురు మనుషుల్ని, 450 కిలోల బాంబుల్ని మోయాలి. అదే మెర్లిన్ మీద నాలుగు గన్నుల పవర్ టరెట్ (యంత్రంతో తిరిగే గన్నుల గూడు) పెడితే వచ్చింది డిఫయంట్ ఫైటర్. దానికి బాంబుల బరువే లేదు, అయినా 109 కన్నా బాగా నెమ్మది. బ్యాటిల్‌కి ఆ టరెట్ తగిలిస్తే బాంబులు దింపేయాల్సిందే.

జవాబు 3:
నెపమంతా గన్నుల మీదే వేయకండి. మే 12న మాస్ట్రిక్ట్ దగ్గరి వంతెనల మీదికి వెళ్లిన 12వ స్క్వాడ్రన్ బ్యాటిల్స్ ఐదింటిలో ఒక్కటీ క్షేమంగా తిరిగి రాలేదు. అక్కడ ఎక్కువగా దెబ్బతీసింది నేల మీది విమాన విధ్వంసక ఫిరంగులు. వాటికి టరెట్ ఏం జవాబు చెబుతుంది? మే 14న సెడాన్‌లో 63 వెళ్తే 35 పోయాయి.

జర్మన్ డైవ్ బాంబర్ యు 87 (స్టూకా) వెనక గన్ను కూడా ఒక్క ఎం.జి.15 మెషిన్ గన్నే, డ్రమ్ముకు 75 గుళ్లే. పైన 109లు కాపలా ఉన్నంతకాలం పని నడిచింది. 1940 ఆగస్టులో బ్రిటన్ మీద ఆ కాపలా చాలక విపరీతంగా నష్టపోతే వెనక్కి తీసుకున్నారు. బ్యాటిల్‌కి ముందు కావాల్సింది ఫైటర్ కాపలా, తర్వాత తూటా తగిలినా కారని పెట్రోలు ట్యాంకులు. గన్నుల వంతు ఆ తర్వాతే.