ట్రెమలో వాడితే శ్రుతి పోతోంది: తప్పు బ్రిడ్జ్‌దా, నట్‌దా?

ప్రశ్న:
నా గిటార్‌ది రెండు పోస్టుల (నిలువు స్క్రూల) మీద తేలే ట్రెమలో బ్రిడ్జ్, అంటే తీగలు ఆనే లోహపు భాగం; దానికున్న బార్ (కడ్డీ) నొక్కితే కదిలి తీగలను సడలిస్తుంది. బార్ నొక్కి వదిలితే మూడో తీగ ప్రతిసారీ శ్రుతి పెరుగుతోంది. అది కాక, ఒక్కోసారి ఆరు తీగలూ కలిసి కొంచెం పైకో కిందికో పోతున్నాయి. బ్రిడ్జ్ మార్చమని ఒకరు, నట్ (మెడ చివర తీగలు గాడుల్లో ఆనే పట్టీ) బాగు చేయించమని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు 1:
కొత్త బ్రిడ్జ్ కొనకండి, ముందు నట్ చూడండి. బార్ నొక్కితే తీగ సడలుతుంది. నట్‌కి అవతల, తీగలు బిగించే కీల వైపున్న ముక్క ఇంకా బిగువుగానే ఉంటుంది కాబట్టి కొంత తీగను అటు లాక్కుంటుంది. బార్ వదిలాక అది గాడిలో ఇరుక్కుని వెనక్కి రాకపోతే శ్రుతి పెరుగుతుంది. మీ మూడో తీగకు జరుగుతున్నది ఇదే. ఆ తీగను ఫ్రెట్ల (మెడ మీది లోహపు పట్టీల) మీద కాస్త సాగదీసి వదలండి. శ్రుతి మళ్ళీ కుదిరితే ఇక అనుమానం అక్కర్లేదు. కీ తిప్పేటప్పుడు నట్ దగ్గర టింగుమన్నా అదే జబ్బు.

1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ వచ్చినప్పుడు బ్రిడ్జ్‌ని పట్టుకున్నవి ఆరు స్క్రూలే. నట్ సరిగా ఉంటే ఆ పాత పద్ధతి ఇవాళ్టికీ శ్రుతి నిలబెడుతుంది.

జవాబు 2:
అన్నా, మూడో తీగ వరకు మీ మాట ఒప్పుకుంటాను. మరి ఆరూ కలిసి జరగడం? ఒక్క తీగ తప్పితే నట్‌ని అనుమానించాలి. అన్నీ ఒకే వైపు తప్పితే బ్రిడ్జ్ తన చోటికి తిరిగి రావడం లేదనే అర్థం. లాకింగ్ నట్ (తీగలను బిగించి పట్టే నట్) ఉన్న చవక ఫ్లాయిడ్ రోజ్ (ఒక ట్రెమలో బ్రాండ్) నకళ్ళు చూడండి. తీగ నట్ దగ్గర కదిలే వీలే లేదు, అయినా శ్రుతి పోతుంది. అక్కడ నట్‌ని ఎలా తప్పుపడతాం?

10-46 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందం) మామూలు శ్రుతిలో ఉంటే ఆరు తీగల బిగువు కలిపి దాదాపు 46 కిలోలు. అవతల, గిటార్ వెనక నుంచి స్ప్రింగులు లాగుతుంటాయి. ఆ భారమంతా పడేది బ్రిడ్జ్ పోస్టులకు ఆనే రెండు సన్నటి అంచుల మీద, అంటే నైఫ్ ఎడ్జ్‌ల మీద. గట్టిపరచిన స్టీల్ అయితే ఏళ్ళ తరబడి ఓర్చుకుంటుంది. జింక్ మిశ్రమం అయితే అంచు నలిగి చదునైపోతుంది, అప్పుడు బ్రిడ్జ్ ప్రతిసారీ ఒకే చోట కూర్చోదు. నా మొదటి గిటార్‌కి ఇదే జరిగింది. దాని మీద ఎన్ని సెటప్‌లు (సర్దుబాట్లు) చేయించానో! ఏ సెటప్పూ అరిగిన అంచును తిరిగి తేలేదు.

అందుకే బ్రిడ్జ్ నాణ్యత అంటే నేను ముందు అంచునే చూస్తాను. బరువైన బ్లాక్ (బ్రిడ్జ్ కింది లోహపు దిమ్మ), ఇత్తడి శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్కలు) మీద జనం గంటలు వాదిస్తారు, శ్రుతి నిలకడకు వాటితో పెద్దగా పని లేదు. బ్రిడ్జ్ అడుగు పలకకి (బేస్‌ప్లేట్‌కి) అయస్కాంతం గట్టిగా అతుక్కోకపోతే అది గట్టిపరచిన స్టీల్ కాదు. ఇంకొకటి, తీగలు పూర్తి బిగువులో ఉండగా పోస్టులు తిప్పి ఎత్తు మార్చకండి. మంచి అంచు కూడా అలాగే పాడవుతుంది.

జవాబు 3:
పోస్టులు చెక్కలో కదులుతున్నాయేమో కూడా చూడండి. బార్ నొక్కుతుంటే పోస్టు ముందుకు ఒరిగితే ఎంత మంచి బ్రిడ్జ్ పెట్టినా దండగే.

ప్రశ్న వేసినవారు:
అన్నీ చూశాను. నట్ గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రుద్దితే మూడో తీగ దారికొచ్చింది, ఇరవై సార్లు నొక్కినా కదల్లేదు. ఆరూ కలిసి జరగడం మాత్రం ఆగలేదు. పోస్టులు గట్టిగానే ఉన్నాయి. తీగలు వదులు చేసి బ్రిడ్జ్ తీసి టార్చ్ వేశాను. ఆరో తీగ వైపు అంచు మధ్యలో, వెంట్రుక మందాన ఒక మెరుపు గీత. వేలిగోరు లాగితే అక్కడే తగులుతోంది. అయస్కాంతం కూడా జారిపోయింది. బ్రిడ్జ్ మారుస్తాను. పాత పోస్టులు ఉంచవచ్చా?

జవాబు 2:
ఉంచకండి. పాత అంచు వాటి గాడిలో గుంట చేసి ఉంటుంది, కొత్త అంచు వెళ్ళి అందులోనే పడుతుంది. రెండూ కలిపే మార్చండి. కొనేముందు పోస్టుల మధ్య దూరం కొలుచుకోండి, అన్ని బ్రిడ్జ్‌లకూ అది ఒకటే కాదు.