ఈ వారం సమస్య: “తలుపు తెరువకున్న తైల మబ్బె”

నిర్వాహకుడు (ద్వారకానగర్)
విశాఖ బీచ్ రోడ్డులో తిరిగే కార్లకు పెట్రోల్ మూత బిగుసుకుపోవడం కొత్త కాదు. మొన్న బంకులో ఒకాయన సీటు పక్క మీట లాగుతూనే ఉన్నాడు, మూత ఉలకదు పలకదు. వెనకాల క్యూ పెరిగిపోతోంది. అప్పుడు తట్టింది ఈ పాదం. తలుపు తెరవకపోయినా తైలం దొరికిందని దీని అర్థం. ఇదే చివరి పాదమయ్యేలా, అర్థం పొసిగేలా ముందు మూడు పాదాలు కట్టి ఆటవెలది పూరించండి.

గాజువాక
సీటు కింద మీట చెడిపోయి యుండగా
డిక్కిలోని త్రాడు తీసి లాగ
బంకులోన నిలిచి పట్టించితిని కదా
తలుపు తెరువకున్న తైల మబ్బె

భీమిలి
“లోని త్రాడు” దగ్గర “త్రా” అనే జంట అక్షరం ముందున్న “ని” గురువైపోయి గణం చెడింది. పైగా త్రాడు లాగితే మూత తెరుచుకున్నట్టే కదండీ? సమస్య విడిపోలేదు, పక్కకు తప్పుకుంది.

గాజువాక
మీట తెరవలేదన్నాను. త్రాడు తెరిచింది. పద్యం నిదానంగా చదవండి.

నిర్వాహకుడు
గురువు సంగతి భీమిలి గారు వదిలేయాలి. విడివిడి తెలుగు మాటలవి. త్రాడుకు ముందున్న లఘువు లఘువే. అసలు లోపం యతిలో ఉంది: పాదం మొదటి అక్షరం “డి”కి నాలుగో గణం మొదటి అక్షరం “తీ” పొసగదు. “తీసి డిక్కి నచటి తీగ లాగ” అంటే సరిపోతుంది.

కంచరపాలెం
పద్యం సంగతి మీరు చూసుకోండి, నేను బండి సంగతి చెబుతాను. డిక్కీలో పక్క అట్ట వెనక ఆ త్రాడు కొన్ని కార్లకే ఉంటుంది. లేనివాళ్ళు ఒకరు మూతను అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు మీట లాగాలి. గొళ్ళెం మీద బరువు తగ్గి చాలాసార్లు టక్కున వదులుతుంది. సెంట్రల్ లాక్‌తో పనిచేసే మూతైతే ముందు బండి లాక్ తీసి చూడాలి. స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టొద్దు, పెయింట్ లేచిందంటే ఆ అంచునుంచే తుప్పు మొదలు.

భీమిలి
కడలి గాలి తగిలి కాలంబు గడువగా
బిగిసె మూత కీలు బిలము చెంత
బంకువాడు నూనె పైపైన జల్లగా
తలుపు తెరువకున్న తైల మబ్బె

తైలం బండికి కాదు, ఆ తలుపుకే అబ్బింది. తెరుచుకోలేదు కాబట్టే అబ్బింది.

సిరిపురం మాస్టారు
భేష్! “తెరువకున్న”ను కారణంగా తిప్పడం ఈ వారానికి అసలైన మలుపు. ఉప్పుగాలికి కీలు లోపలి పిన్ను, స్ప్రింగు తుప్పు పట్టడం మన ఊరి నిజం, అది పద్యంలో చక్కగా కూర్చుంది. కానీ మూడో పాదంలో “నూనె” అనేశాక నాలుగో పాదానికి దాచుకోవడానికి ఏం మిగిలింది? “బంకువాడు జాలిపడి యూరకుండునే” అని చూడండి.

గాజువాక
మాస్టారి పాదం పడ్డాకే అది పద్యమైంది. వెనకటి సమస్యకు భీమిలి గారు కట్టిన పద్యంలో సింహాద్రి అప్పన్న నిజరూప దర్శనాన్ని కార్తికంలో పెట్టిన చెయ్యి కదా. ఆ దర్శనం జరిగే చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియనాడని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు.

భీమిలి
ఆ పద్యంలో కార్తికం దీపాలకు చెప్పింది. రెండో పాదం చూడకుండా మూడో పాదానికి దూకితే అలాగే ఉంటుంది.

నిర్వాహకుడు
ఆ చర్చ ఆ సమస్య కిందే సాగించండి.

కంచరపాలెం
బంకువాడు జల్లిన నూనె ఏదో భీమిలి గారి పద్యం చెప్పలేదు. వంటనూనె, కొబ్బరినూనె అయితే దుమ్ము పట్టి జిగురై మళ్ళీ బిగుస్తుంది. తుప్పు బ్రష్‌తో గీకి, సిలికాన్ స్ప్రేయో తెల్ల గ్రీజో కొద్దిగా పెట్టి, మూతను పదే పదే తెరిచి మూయాలి. కొబ్బరినూనె చలికి గడ్డ కూడా కడుతుంది, 24 డిగ్రీలు చాలు. ఆ మాట మీదే నా పూరణ:

చలికి గడ్డకట్టె సగము కొబ్బరి నూనె
అరకు లోయ దారి నాగె కారు
పొద్దు పొడిచి కరిగి పొలుపుగా కీలుకే
తలుపు తెరువకున్న తైల మబ్బె

సిరిపురం మాస్టారు
ఇక్కడ కూడా నూనె మొదటి పాదంలోనే వచ్చింది. అయినా దోషం కాదు, ఎందుకంటే అక్కడ అది గడ్డ. నాలుగో పాదానికి వచ్చాకే తైలమైంది. తలుపు చివరిదాకా మూసే ఉంది. సమస్యను ఎక్కడా వంచకుండా నిలబెట్టిన పూరణ ఇదొక్కటే.

గాజువాక
ఒప్పుకుంటాను. కానీ “పొలుపుగా” (అందంగా) అన్నది గణం నింపడానికి వచ్చిన మాట. ఎండకు నూనె కారడంలో పొలుపేమిటి?

కంచరపాలెం
మూత దానంతట అది వదిలినప్పుడు పక్కన నిలబడి చూడండి, ఆ మాట మార్చమని అడగరు.