అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో కొండవీడు కోట

మెట్లెక్కలేని మా అమ్మను విజయనగరం నుంచి తీసుకువెళ్లి కొండవీడు కోట చూపించగలనా అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఘాట్ రోడ్డు ఉన్నది కనుక గుంటూరులో కారు మాట్లాడుకొమ్మన్న సలహాయే పనికివచ్చింది. అమ్మను డోలీలో మోయించాలా అని అక్కడ సాగిన చర్చతో అవసరమే పడలేదు. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు రాజధానిగా చేసుకున్న ఆ కొండపైన ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు ఉన్నాయి. గట్టున అమ్మ హాయిగా కూర్చున్నది. మా విజయనగరం కోట చదునైన నేల మీదిది కావడంతో, కొండ నెత్తిన ఇంత నీరుండడం ఆమెకు బురుజుల కన్నా వింతగా తోచింది. బురుజుల వైపు దారిలో మాత్రం రాళ్లు ఎగుడుదిగుడుగా ఉండి, వాటి సందుల్లో ముళ్లకంప పెరిగినందున, అటు నేనొక్కడినే వెళ్లాను; నడక కష్టమైనవారు చెరువుల దగ్గరే ఆగడం మంచిది. తాగునీరు గుంటూరులోనే నింపుకోండి.