పంపు లోడు పడగానే బి ఫేజు మాస్‌ఫెట్ ఒక్కటే ఎందుకు పోతోంది?

నమస్కారమండీ. మాది విజయవాడ. గుంటూరు వైపు నాన్నగారి మిర్చి తోటలో మందు కొట్టే బండికి 48 వోల్టుల బ్రష్‌లెస్ మోటారు పెట్టాను. కంట్రోలర్ బోర్డు నేనే డిజైన్ చేసి కట్టుకున్నాను: మోటారు మూడు తీగలకూ (ఎ, బి, సి ఫేజులు) కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చుల్లాంటి ఆరు ఐఆర్‌ఎఫ్‌బీ4110 మాస్‌ఫెట్లు (ట్రాన్సిస్టర్లు), వాటిని ఆన్, ఆఫ్ చేసే మూడు ఐఆర్2101 డ్రైవర్ చిప్పులు, మోటారు ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సర్లు.

ఖాళీగా గంటసేపు తిప్పినా హీట్‌సింక్ గోరువెచ్చగా కూడా అవ్వదు. పంపు తగిలించి 15 ఆంపులు దాటిందా, మాస్‌ఫెట్ టప్‌మని పోతుంది. ఇప్పటికి నాలుగు పోయాయి, నాలుగూ బి ఫేజు పైవైపువే (బ్యాటరీ ప్లస్‌కి కలిపేవి). ఆసిలోస్కోపులో చూస్తే స్విచ్ అయినప్పుడల్లా ఆ ఫేజు తీగ మీద వోల్టేజి ముల్లులా 95 దాకా లేస్తోంది. మాస్‌ఫెట్ తట్టుకునేదే 100.

ఈ డ్రైవర్‌కి సొంత డెడ్ టైమ్ (పై, కింది మాస్‌ఫెట్లు ఒకేసారి ఆన్ కాకుండా ఇచ్చే చిన్న విరామం) లేదు కనుక ప్రోగ్రాములో 1 మైక్రోసెకండు ఇచ్చాను. పైవైపు మాస్‌ఫెట్‌ని ఆన్ చేసే వోల్టేజి ఇచ్చే బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ మళ్లీ నిండాలి కాబట్టి డ్యూటీ (ఆన్‌లో ఉండే సమయం) 95 శాతం దాటనివ్వలేదు. నా అనుమానమల్లా బ్యాటరీ సరఫరా మీదున్న పెద్ద కెపాసిటర్ల మీదే. అవి బోర్డుకి ఒక చివర ఉన్నాయి, బి ఫేజుకి 8 సెంటీమీటర్ల దూరం. మిగతా రెండు ఫేజులూ దగ్గరే. అంత పొడవు దారి వల్లే బి మీద ఆ ముల్లు లేస్తోందేమో.

ఫేజు పక్కనే సెరామిక్ కెపాసిటర్లు అతికించి, మాస్‌ఫెట్ స్విచ్ అయ్యే వేగాన్ని తగ్గించే గేట్ రెసిస్టర్ 10 ఓమ్‌ల నుంచి 22కి పెంచితే నిలుస్తుందా? లేక బోర్డే మళ్లీ గీయాలా? తోటలో తామర పురుగు మొదలైంది, కొత్త బోర్డు వచ్చేదాకా ఆగడం కష్టం. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. స్కోపు ఫొటోలు అడిగితే పెడతాను.