మా వార్డుకి కమిటీ ఉందో లేదో ఎలా అడగాలి? విశాఖ వాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది కంచరపాలెం వైపు ఒక కాలనీ, ఇళ్ల వెనకాలే గెడ్డ (వాన నీళ్లు పారే పెద్ద కాలువ). రెండేళ్లుగా పూడిక తీయలేదు, గట్టిగా వాన పడితే నీళ్లు గుమ్మం దాటి వచ్చేస్తాయి, పోయిన ఏడాది ఒక రాత్రి మా అమ్మ బియ్యం డబ్బాని మంచం మీదకి ఎక్కించి దాని పక్కనే తెల్లారేదాకా కూర్చుంది. మూడుసార్లు ఫిర్యాదు పెట్టాను. మూడుసార్లూ సమస్య పరిష్కారమైందని మెసేజ్ వచ్చింది, గెడ్డ మాత్రం అలాగే ఉంది.

ఓటేసి వచ్చాం కాబట్టి ఇక ఐదేళ్లూ నోరు మూసుకుని ఉండాలా? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243-ఎస్ అధికరణ ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు, అంటే వార్డు స్థాయిలో పనులు చూసుకునే కమిటీలు, ఉండాలట. మా వీధిలో ఎవరినడిగినా ఆ పేరే వినలేదంటున్నారు.

కమిటీ ఉందా, సభ్యులెవరు, చివరి మీటింగ్ ఎప్పుడు జరిగింది, పూడికతీతకి ఎంత ఖర్చు రాశారు, ఇవన్నీ 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద అడుగుదామనుకుంటున్నాను. 30 రోజుల్లో జవాబివ్వాలి కదా. అన్నీ ఒకే దరఖాస్తులో రాయొచ్చా, విడివిడిగా పెట్టాలా? పని కొలతలు రాసే ఎం-బుక్ నకలు కూడా అడగొచ్చా? ఇరవై ఇళ్ల వాళ్లు సంతకాలు పెడతామన్నారు, దరఖాస్తు మాత్రం ఒక్కరి పేరు మీదే వేయాలా? ఇలా అడిగి పని చేయించుకున్నవాళ్లుంటే, ఏ మాటల్లో రాశారో చెప్పండి ప్లీజ్. వానలు మొదలయ్యేలోపు వేసేయాలి.