పాత 911కి ఖరీదైన ఆయిల్: అవసరమా, ఉత్త భయమా?

ఆస్టిన్_తెలుగోడు
నాది 1987 పోర్షే 911 కరేరా, 3.2 ఇంజిన్. ఆయిల్ మార్చిన ప్రతిసారీ 10 లీటర్ల దాకా తాగుతుంది, లీటరుకు కాస్త తేడా ఉన్నా బిల్లు వాచిపోతుంది. మెకానిక్ ఏమో "జింక్ ఎక్కువున్న రేసింగ్ ఆయిలే పొయ్యాలి, లేదంటే క్యామ్ పోతుంది" అంటున్నాడు (క్యామ్ అంటే వాల్వులు తెరిపించే షాఫ్ట్). అది మామూలు ఆయిల్‌కి రెండింతలపైనే. నిజమేనా, భయపెట్టి అమ్ముతున్నాడా?

గ్యారేజీ_మావయ్య
నిజమే బాబూ. నీ ఇంజిన్‌లో రాకర్లకి, అంటే క్యామ్ కదలికను వాల్వులకి అందించే మీటలకి, రోలర్లు లేవు, క్యామ్ మీద నేరుగా రాసుకుంటాయి. ఆ ఒరిపిడిలో లోహాన్ని కాపాడే పొర జెడ్‌డీడీపీ, అంటే జింక్, ఫాస్ఫరస్ ఉన్న అడిటివ్. ఫాస్ఫరస్ వల్ల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవుతున్నాయని, 2004లో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వారి ఎస్ఎమ్ అనే ఆయిల్ ప్రమాణం వచ్చినప్పుడు దాన్ని 0.08 శాతానికి, అంటే 800 పీపీఎంకి (పది లక్షల్లో 800 వంతులు), దించేశారు. లాభం కొత్త కార్లకి, దెబ్బ మనకి. పైగా నీ బండిలో రేడియేటర్ నీళ్లు లేవు. వేడిని మోసేది గాలీ, ఆయిలూ.

ల్యాబ్_కోటు
మావయ్యగారూ, ఆ 0.08 శాతం హద్దు 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్లకే. చిక్కటి 15డబ్ల్యూ-50కీ, 20డబ్ల్యూ-50కీ వర్తించదు. 911లో పోసేవి ఎలాగూ అవే. డబ్బా మీద ఎస్ఎన్ అని (ఎస్ఎమ్ తర్వాతి ప్రమాణం) కనబడగానే జింక్ లేదనుకుంటే ఎలా? కంపెనీ డేటా షీట్ తీసి ఫాస్ఫరస్ చూడండి. 1,000 నుంచి 1,200 పీపీఎం ఉంటే రోడ్డు మీద తిరిగే కారుకి చాలు. "రేసింగ్" అన్న మాటకి వేరే డబ్బులెందుకు? కొన్ని రేసింగ్ ఆయిళ్లలో డిటర్జెంట్ తక్కువ. రేసు అవగానే తీసేస్తారని అలా చేస్తారు, ఏడాదంతా ఇంజిన్‌లో ఉంచడానికి కాదు.

సిరిసిల్ల_స్పీడ్
గింత లొల్లి ఎందుకన్నా? లారీల డీజిల్ ఆయిల్ పోస్తే అయిపాయె, జింక్ మస్తుగుంటది. లేకుంటే జింక్ సీసా విడిగ కొని కలుపు.

ల్యాబ్_కోటు
సీసా మాత్రం వద్దు తమ్ముడూ. జింక్ మోతాదు మించితే అదే లోహాన్ని తింటుంది. డీజిల్ ఆయిల్ మరీ చెడ్డదేం కాదు, కానీ 2006లో డీజిల్ ఆయిళ్ల ప్రమాణం సీజే-4 వచ్చాక వాటిలో ఫాస్ఫరస్‌కీ 0.12 శాతం హద్దు పెట్టారు. డిటర్జెంట్ కూడా ఎక్కువ, అది లోహం మీద చోటు కోసం జింక్‌తోనే పోటీ పడుతుంది.

గ్యారేజీ_మావయ్య
పీపీఎంలు సరే, ఆయిల్ కారకుండా ఆపే పాత రబ్బరు సీళ్ల మాటేంటి? సింథటిక్ పోస్తే కారి తీరుతుంది.

ఫ్లాట్‌సిక్స్_ప్రియ
ఎండిపోయిన సీలు దేనికైనా కారుతుందండీ, సింథటిక్ దాని బండారం ముందే బయటపెడుతుంది. అది పక్కన పెట్టండి. ఆస్టిన్ గారూ, ఏడాదికి ఎన్ని మైళ్లు తిప్పుతారు? ఎన్నాళ్లకి మారుస్తారు?

ఆస్టిన్_తెలుగోడు
వెయ్యి మైళ్లు దాటదండీ. ఆదివారం కాఫీకి వెళ్లి రావడం, అంతే. ఖరీదు కదా అని మూడేళ్లకోసారి మారుస్తా.

ఫ్లాట్‌సిక్స్_ప్రియ
మీ తంటా బ్రాండుతో కాదు, ఆ మూడేళ్లతో. కాఫీ దాకా వెళ్లొస్తే ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమా, పెట్రోలూ ఆవిరి కావు. ఆమ్లాలు పుట్టి బేరింగుల్ని కొరుక్కుతింటాయి. మూడేళ్లకోసారి ఖరీదైనది పోసే బదులు మధ్యరకం 20డబ్ల్యూ-50 ఏటా మార్చండి. నేను న్యూజెర్సీ చలికి కారు మూలన పెట్టేముందు మార్చేస్తా, నెలల తరబడి మురికి ఆయిల్‌లో నానకుండా. ఇంకోటి, మనది డ్రై సంప్, అంటే ఆయిల్ ఇంజిన్ అడుగున కాక విడి ట్యాంకులో ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆన్‌లో ఉంచి, సమంగా ఉన్న నేల మీదే డిప్‌స్టిక్ చూడాలి. చల్లటి ఇంజిన్‌లో తక్కువ చూపించిందని పోసేసి, తర్వాత పొంగించుకున్న వాళ్లు బోలెడు మంది.

గ్యారేజీ_మావయ్య
ఏటా మార్చాలన్నదానికి నేనూ సరే. జింక్ విషయంలో మాత్రం తగ్గను.

ఆస్టిన్_తెలుగోడు
డేటా షీట్‌లో 1,200 ఉన్న 20డబ్ల్యూ-50 దొరికింది, రేసింగ్ దానికంటే చాలా చవక. ఈ ఆదివారమే మార్చేస్తా. దించిన ఆయిల్ కొంచెం ల్యాబ్‌కి పంపి, లోపల ఎంత అరిగిందో తెలిసేలా ఇనుము ఎంతుందో ఇక్కడ పెడతా.

గ్యారేజీ_మావయ్య
పెట్టు. ఎక్కువొస్తే నీ మెకానిక్‌ని తిట్టిన వాళ్లందరి పేర్లూ చదువుతా.